థాకరే, థాక్రే, థాక్రా: ఒక ఇంగ్లీషు ఇంటిపేరు వెంట ఎనిమిది నెలలు

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో సెయింట్ జేమ్స్ ఆసుపత్రిని ఆనుకుని ఒక పాత ఇటుక భవనం ఉంది. 1861లో అది దిక్కులేని పేదలను ఉంచి పని చేయించుకునే వర్క్‌హౌస్. 1997 నుంచి వైద్య చరిత్రను చూపించే మ్యూజియం. ఆ మ్యూజియం పేరు థాక్రే. నేను ఆరేళ్ళుగా ఆ గోడ పక్కనుంచే ల్యాబులో పనికి వెళ్తున్నప్పటికీ ఆ పేరు ఎవరిదో, ఎక్కడిదో ఒక్కనాడూ ఆలోచించలేదు. మూడు నెలలు నా దగ్గర ఉందామని ఆదోని నుంచి వచ్చిన మా నాన్నగారు మాత్రం, వచ్చిన రెండో రోజునే, బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చదివి, "ఏమ్మా, మన మన్రో దొర దగ్గర పనిచేసిన థాకరే వీళ్ళ మనిషేనా?" అని అడిగారు.

నాన్నగారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయినవారు. 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడనీ, ఆయన కింది సహాయ కలెక్టర్లలో విలియం థాకరే ఒకడనీ, రైత్వారీ పద్ధతిని గట్టిగా సమర్థిస్తూ 1807లో నివేదిక రాసినవాడు ఇతడేననీ ఆయనకు కంఠతా వచ్చు. ప్రసిద్ధ నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరేకు ఇతడు పెదనాన్న అవుతాడన్నది ఆయన తరగతిలో ప్రతి ఏడూ చెప్పే ముక్క. నేను బోర్డుకేసి చూసి, "అక్షరాలు వేరు నాన్నా, వీళ్ళు వేరే వాళ్ళయి ఉంటారు" అన్నాను. ఆ జవాబు ఎంత తొందరపాటుదో తేల్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అందులో సగం కాలం తప్పుదారిలోనే నడిచాను కనుక, ఆ తప్పులతో సహా ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేసిన పని అందరూ చేసేదే. ఇంగ్లండులో ఒక ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో వెతికేవారు ముందుగా 1881 జనాభా లెక్కలను ఆశ్రయిస్తారు. ఆ ఏడు ఏప్రిల్ 3 రాత్రి ఎవరెవరు ఏ ఇంట్లో పడుకున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న ఆ పుస్తకాలను కుటుంబ చరిత్ర సంఘాల స్వచ్ఛంద కార్యకర్తలు తర్వాతి కాలంలో అక్షరం అక్షరం ఎక్కించి సూచిక తయారుచేశారు. నేను అందులో నవలాకారుడి పేరును, మధ్యలో ‘ఈ’ అక్షరం ఉన్న థాకరేను, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా ఇచ్చి వెతికాను. వచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది. ఒక్కొక్కరికీ ఒక చుక్క చొప్పున పటం మీద పెడితే, ఏ తీర్పు చెప్పడానికీ చాలనంత పలుచటి పటం తయారయింది. అయినా నేను తీర్పు చెప్పేశాను. నవలాకారుడి తాతముత్తాతలలో హారో పాఠశాల ప్రధానోపాధ్యాయుడూ, కంపెనీ ఉద్యోగులూ ఉన్నారు కదా, ఇది దక్షిణాది పెద్దింటి పేరు, అందుకే అరుదు అని నోటుబుక్కులో రాసుకున్నాను. పప్పులో కాలేశానని అప్పటికి తెలియదు.

ఆ నిర్ణయాన్ని కదిలించింది ఇద్దరు వైద్యరంగపు మనుషులు. మ్యూజియానికి పేరు తెచ్చిన చార్లెస్ థాక్రే 1902లో లీడ్స్‌లోని గ్రేట్ జార్జ్ వీధిలో మందుల దుకాణం తెరిచినవాడు. ఆ దుకాణమే పెరిగి శస్త్రచికిత్స పరికరాల సంస్థ అయి, తుంటి కీలు మార్పిడికి దారి వేసిన జాన్ చార్న్‌లీకి కృత్రిమ కీళ్ళు తయారుచేసి ఇచ్చింది. ఈ పేరులో మధ్య ‘ఈ’ లేదు. మ్యూజియం లోపల నాన్నగారితో తిరుగుతున్నప్పుడు మరొక పేరు తగిలింది: చార్లెస్ టర్నర్ థాక్రా. 1795లో లీడ్స్‌లోనే పుట్టి 1833లో పోయిన వైద్యుడు. ఏ వృత్తి చేసేవారికి ఏ జబ్బులు వస్తాయో పరిశీలించి 1831లో పుస్తకం వెలువరించినవాడు. ఇతని పేరు ‘హెచ్’ అక్షరంతో ముగుస్తుంది. ఒకే ఊరు, ఒకే రంగం, దాదాపు ఒకే పేరు, రెండు రాతలు. "ఇది రాత తేడానా, పేరు తేడానా?" అని నాన్నగారు అడిగినప్పుడు, నేను వెతకవలసింది ఒక రాతను కాదని మొదటిసారి తోచింది.

ఇంటిపేర్ల నిఘంటువులు తెరిస్తే ఆ అనుమానం తీరిపోయింది. థాకరే, థాక్రే, థాక్రా, థాకరా, ‘డబ్ల్యూ’ అక్షరాన్ని ఇప్పటికీ మోస్తున్న థాక్‌వ్రే, ఇవన్నీ వాటిలో ఒకే శీర్షిక పదం కింద ఉన్నాయి. మూలం పాత నార్స్ భాష. తొమ్మిది, పది శతాబ్దాలలో ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వలసదారులు వదిలి వెళ్ళిన మాటలు రెండు ఇందులో కలిశాయి: ‘థక్’ అంటే ఇంటి కప్పుకు వేసే రెల్లు, గడ్డి, ‘వ్రా’ అంటే మూల, వారగా ఉన్న చోటు. ఇంటి కప్పుకు రెల్లు కోసుకునే మూల అన్నమాట. యార్క్‌షైర్ పల్లెటూరి మాటల్లో ‘థాక్’ అంటే నేటికీ గడ్డికప్పే. ఆ ‘వ్రా’ ఒంటరిగా నిలబడి వ్రే, రో అనే ఇంటిపేర్లయింది. కంబ్రియాలోని డాక్రే అనే ఊరిపేరు చివర కూడా అదే ఉంది. థాక్‌వ్రేలోని ‘డబ్ల్యూ’ను చూసి ఎవడో గుమాస్తా పొరపాటు అనుకున్న నేను, అయిదు రాతలలోనూ మూలానికి అత్యంత విధేయమైనది అదేనని ఒప్పుకోవలసి వచ్చింది.

అసలు ఊరు కూడా నిఘంటువులోనే ఉంది. యార్క్‌షైర్ పడమటి భాగమైన వెస్ట్ రైడింగ్‌లో, హారోగేట్ పట్టణానికి పడమరగా, వాష్‌బర్న్ అనే చిన్న నది లోయలో, గ్రేట్ టింబుల్ గ్రామ పరిధిలో థాక్రే అనే ఒక చోటు ఉండేదట. ‘ఉండేది’ అనడమే సరి, ఎందుకంటే అది ఇప్పుడు ఫ్యూస్టన్ జలాశయం అడుగున ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని నాన్నగారికి చదివి వినిపిస్తే, ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు నిలిచినప్పుడు కర్నూలు జిల్లాలో మునిగిన ఊళ్ళలో మా నాయనమ్మ పుట్టినూరు ఒకటి. మా బంధువులలో ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వెళ్ళి చూద్దామంటే ఊరు లేదు.

ఇక్కడ తెలుగువాళ్ళకు సులువుగా బోధపడే సంగతి ఒకటి ఉంది. ఊరిలో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు, ఎందుకంటే అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే. ఊరు విడిచి పక్క ఊరికి చేరినప్పుడే ‘ఫలానా ఊరివాళ్ళు’ అన్న గుర్తు అంటుకుంటుంది. మన ఊళ్ళ పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు ఎలా పుట్టాయో ఇంగ్లండులో స్థలనామాల ఇంటిపేర్లూ అలాగే పుట్టాయి. అంటే థాక్రే అనే పేరు మొదట దొరకవలసింది థాక్రేలో కాదు, దాని చుట్టుపక్కల గ్రామాలలో. ఈ ఊహతో మళ్ళీ 1881కి వెళ్ళాను, ఈసారి అన్ని రాతలనూ కలుపుకుని.

రాతలన్నీ కలపడం అనుకున్నంత తేలిక కాలేదు. ఒకేలా వినిపించే పేర్లన్నిటికీ ఒకే గుర్తు ఇచ్చే సౌండెక్స్ అనే పద్ధతి ఒకటి అమెరికాలో 1918లో పేటెంటు పొంది ఇప్పటికీ వంశవృక్షాల వెబ్‌సైట్లలో వాడుకలో ఉంది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను వదిలేసి, మిగిలిన హల్లులకు అంకెలు వేస్తుంది. ఆ లెక్కన థాకరే, థాక్రే, థాక్రా, థాక్‌వ్రే అన్నీ టి-260 అవుతాయి. ఎంత బాగుందో అనుకుని మీట నొక్కితే, టక్కర్ అనే ఇంటిపేరువాళ్ళు వేల సంఖ్యలో వచ్చి పడ్డారు, ఎందుకంటే వాళ్ళూ టి-260యే, టాస్కర్‌లూ అంతే. కాగితం మీద లెక్క వేసి చూస్తే మన ఠాకూర్ కూడా టి-260 లోకే వస్తాడు. ఆ యంత్రాన్ని పక్కనపెట్టి, దొరికిన ప్రతి రాతనూ విడివిడిగా వెతికి, చేత్తో పట్టిక వేసుకోవడానికి మూడు వారాంతాలు పోయాయి.

పట్టికలో పడని మనుషులు ఇంకా మిగిలారు. నేను డబ్బు కట్టి చేరిన ఒక వెబ్‌సైటు సూచికలో ఒక కుటుంబం తండ్రి థాక్రే, తల్లి థాక్రే, పిల్లలు మాత్రం ‘ఫాక్రే’ అని ఉంది. అసలు పుట బొమ్మను పెద్దది చేసి చూస్తే సంగతి తెలిసింది. లెక్క రాసినాయన మొదటి వరుసలో పెద్ద ‘టి’ని శుభ్రంగా రాసి, కింది వరుసలకు వచ్చేసరికి చెయ్యి అలసి, అడ్డగీతను కిందికి జార్చి, మధ్యలో ఒక చిన్న గంటు పెట్టాడు. అది ‘ఎఫ్’ కాదని తెలుసుకోవాలంటే, అదే పుటలో ‘థామస్’ అన్న పేరులోని ‘టి’ని ఎలా రాశాడో చూడాలి. ఆ తర్వాత నేను ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, పుట్టిన ఊరు గడిలో మాత్రం ఫ్యూస్టన్, టింబుల్ వంటి ఊళ్ళ పేర్లు ఇచ్చి వెతకడం మొదలుపెట్టాను. ఇంటిపేరును వెతికేటప్పుడు ఇంటిపేరునే ఖాళీగా వదలాలన్న ఈ చిట్కాను నాకు ఎవరూ చెప్పలేదు. మొదటినుంచీ తెలిసి ఉంటే ఒక నెల కలిసివచ్చేది.

ఈసారి పటం నిండింది, కానీ నిండిన చోటు లీడ్స్. అక్కడ ఆగి ఉంటే ఇది లీడ్స్ ఇంటిపేరు అనే మరో తప్పు రాసుకునేదాన్ని. 1881 నాటికి లీడ్స్ జనాభా 3 లక్షలు దాటింది. ఉన్ని, నార మిల్లుల కోసం చుట్టుపక్కల లోయలన్నీ ఆ ఊరిలోకి ఖాళీ అవుతున్న కాలమది. అంత పెద్ద ఊళ్ళో ఏ యార్క్‌షైర్ ఇంటిపేరయినా లెక్కకు ఎక్కువగానే కనబడుతుంది. కనుక మనుషుల సంఖ్యను ఆ ప్రాంతపు జనాభాతో భాగించి చూడాలి. అలా చూసినప్పుడు లీడ్స్ రంగు తగ్గి, దానికి ఉత్తరాన ఉన్న వాష్‌బర్న్ లోయ, నిడ్ నది లోయ అయిన నిడ్డర్‌డేల్ ప్రాంతాల రంగు చిక్కబడింది. 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన ఇంగ్లండు ఇంటిపేర్ల స్వస్థలాలను పట్టుకోవడానికి డైరెక్టరీలలోని రైతుల పేర్లను మాత్రమే లెక్కించాడు. నేల విడిచి కదలనివాళ్ళు వాళ్ళే గనుక. మిల్లు కూలీలతో నిండిన నా పటాన్ని చూసుకున్నాక ఆయన ఎంచుకున్న దారి ఎంత తెలివైనదో అర్థమయింది.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పని ఇంకొకటి. ఆ జనాభా లెక్కల్లో ఉంటున్న ఊరే కాక, పుట్టిన ఊరు కూడా రాశారు. అరవై ఏళ్ళు దాటినవాళ్ళను మాత్రమే తీసుకుని, వాళ్ళు పుట్టిన ఊళ్ళను పటం మీద పెడితే, కాగితం 1881దే అయినా పటం 1820కి ముందటిది అవుతుంది. ఆ రాత్రి వంటింటి బల్ల మీద పటం పరిచి, నాన్నగారు వయసూ ఊరూ చదువుతుంటే నేను ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టాను. లీడ్స్‌లోని ముసలివాళ్ళ చుక్కలు ఒక్కొక్కటే ఉత్తరానికి, వాష్‌బర్న్, నిడ్ నదుల నడుమకు, తరలి వెళ్ళాయి. ఆయన గొంతులో తరగతి గది ఉత్సాహం తిరిగి వచ్చింది. "ఇంకా పైకి పో, ఇంకా పైకి" అంటూ నా పెన్సిలును తరిమారు.

1820కి పైకి పోవాలంటే జనాభా లెక్కలు పనికిరావు, చర్చి రిజిస్టర్లు కావాలి. ప్రతి చర్చీ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, సమాధులు నమోదు చేయాలని 1538లో ఆజ్ఞ వచ్చింది. ఫ్యూస్టన్ చర్చిలో మిగిలినవి 1593 నుంచి ఉన్నాయి. అదృష్టవశాత్తూ అవి ఎప్పుడో అచ్చయ్యాయి. గ్రంథాలయంలో స్థానిక చరిత్ర విభాగంలో కూర్చుని చూసుకోవచ్చు. నేర్స్‌బరో అడవి ప్రాంతపు మేనరు కోర్టులో, అంటే జమీందారీ కచేరీలో, నమోదయిన వీలునామాల సంకలనాన్నీ 1902, 1905లలో రెండు సంపుటాలుగా ప్రచురించారు. ఆ అడవి అంటే చెట్ల అడవి అని పొరబడకూడదు. రాజుగారి వేట చట్టం కింద ఉన్న పల్లెలూ పొలాలూ పచ్చికబయళ్ళూ కలిసిన ప్రాంతం. ఫ్యూస్టన్ దానిలోదే. ఆ వీలునామాలలో ఆవులూ, గొర్రెలూ, మగ్గాలూ పంచుకునేవాళ్ళ మధ్య ఈ ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. నేను అనుకున్న దక్షిణాది పెద్దిల్లు ఇక్కడికి వచ్చేసరికి పూర్తిగా కూలిపోయింది.

రాతల చిక్కుముడి విప్పింది కూడా రిజిస్టర్లే. 1754 నుంచి అమలయిన పెళ్ళిళ్ళ చట్టం ప్రకారం వధూవరులు రిజిస్టరులో సంతకం పెట్టాలి, రాదంటే గుర్తు వేయాలి. నేను చూసిన ఒక పుట బొమ్మలో పెళ్ళి నమోదు నాలుగు వరుసలు. మొదటి వరుసలో గుమాస్తా పెళ్ళికొడుకు ఇంటిపేరును ‘డబ్ల్యూ’తో రాశాడు. చివరన ‘ఇది అతని గుర్తు’ అంటూ అదే గుమాస్తా ‘డబ్ల్యూ’ లేకుండా రాశాడు. రెండింటి నడుమ పెళ్ళికొడుకు వేసిన ఇంటూ గుర్తు, సిరా కొంచెం ఒలికి, ఒక కాలు పొడవుగా సాగి ఉంది. తన పేరు నాలుగు వరుసల్లో రెండు రకాలుగా మారిందని ఆ మనిషికి తెలియదు, తెలిసినా పట్టించుకుని ఉండడు. పేరు అతని నోట్లో ఉంది. రాత గుమాస్తా చేతిలో ఉంది. బడి చదువు ఇంటింటికీ వచ్చి ఎవరి పేరు వారు రాసుకోవడం మొదలయ్యాకనే ఒక్కొక్క కుటుంబం దగ్గర ఒక్కొక్క రాత గడ్డకట్టింది. బస్సులో నేను నాన్నగారికి చెప్పిన ‘అక్షరాలు వేరు’ అన్న వాదన విలువ ఇంతే. నేను అరుదైన ఇంటిపేరు అనుకున్నది నిజానికి అరుదైన రాత మాత్రమే. ఇంటిపేరుగా అది దేశం మొత్తం మీద తక్కువే గానీ, ఆ రెండు లోయల్లో వీధికొకటి ఉన్న పేరు.

ఇంకా వెనక్కి వెళ్తే 1379 తలపన్ను జాబితాలు. పదహారేళ్ళు దాటిన ప్రతివారూ, భార్యాభర్తలను ఒకటిగా లెక్కగట్టి, తక్కువలో తక్కువ నాలుగు పెన్నీలు కట్టాలన్నది ఆ పన్ను; వెస్ట్ రైడింగ్ జాబితాలు బాగా మిగిలాయి. ‘ఫలానా చోటి విలియం’ అని లాటిన్ పద్ధతిలో రాసిన ఆ పేర్లు ఇంటిపేర్లుగా స్థిరపడుతున్న దశను అక్కడ కళ్ళారా చూడవచ్చు. మూలస్థలం ఒకటే అయినంత మాత్రాన మూలపురుషుడూ ఒకడే కానవసరం లేదన్నది నా అభిప్రాయం. ఆ రెల్లు మూల నుంచి వేర్వేరు తరాలలో వేర్వేరు మనుషులు బయటికి వచ్చి ఉండవచ్చు. దీన్ని తేల్చడానికి ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలున్నాయి. ఇదే వెస్ట్ రైడింగ్‌కు చెందిన సైక్స్ అనే ఇంటిపేరు మగవాళ్ళ వై క్రోమోజోములను పోల్చి 2000లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు సగం మంది ఒకే మగ వంశం వాళ్ళని తేలింది. ల్యాబులో పనిచేసేదాన్ని గనుక ఆ ఆశ నాకూ పుట్టింది. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ళ తలుపు తట్టి ఉమ్మి అడిగే చొరవ లేక, కాగితాలతోనే సరిపెట్టుకున్నాను.

నాన్నగారు తిరిగి వెళ్ళే ముందు శనివారం ఇద్దరం ఫ్యూస్టన్ వెళ్ళాం. వాష్‌బర్న్ లోయలో లీడ్స్ నగరపు నీటి కోసం 1870లలో మూడు జలాశయాలు కట్టారు: లిండ్లీ వుడ్, స్విన్‌స్టీ, ఫ్యూస్టన్. 1966లో ఎగువన నాలుగోది, థ్రస్‌క్రాస్, కట్టినప్పుడు వెస్ట్ ఎండ్ అనే ఊరు పూర్తిగా మునిగింది; నీళ్ళు బాగా తగ్గిన ఏళ్ళలో దాని గోడలు బయటపడతాయి. ఫ్యూస్టన్ ఊరు మునగలేదు గానీ, జలాశయం వచ్చాక వాలు నేల జారి చాలా ఇళ్ళు పోయాయి. మిగిలింది ఒక వీధీ, గుట్ట మీద చర్చీ. సమాధి రాళ్ళ మీద నాచు గోకకుండా, పక్కనుంచి టార్చి వెలుగు వేసి అక్షరాలు చదువుకుంటూ తిరిగాం. ఒక రాయి దగ్గర నాన్నగారు నన్ను పిలిచి, "ఇది మీవాళ్ళదే చూడమ్మా" అన్నారు. అప్పటికి ఆ ఇంటిపేరువాళ్ళందరూ ఆయన దృష్టిలో ‘మీవాళ్ళు’ అయిపోయారు.

ఆ సమాధుల తోటలోనే పటం గీసేవాళ్ళు మరచిపోకూడని సంగతి ఒకటి బయటపడింది. అక్కడ భవనం కట్టడం కోసం జరిపిన తవ్వకంలో 150 మందికి పైగా అస్థికలు దొరికాయి. వాటిలో కొన్ని దగ్గరలోని నార మిల్లులో పనిచేయడానికి లండన్ వంటి దూరపు ఊళ్ళ వర్క్‌హౌస్‌ల నుంచి బండ్లలో తెచ్చిన పిల్లలవని పరిశీలనలో తేలింది. వాళ్ళ ఎముకలలో పోషణ లేమి, క్షయ గుర్తులున్నాయి. అంటే ఈ లోయ తన మనుషులను లీడ్స్‌కు పంపిస్తున్న కాలంలోనే దక్షిణాది ఇంటిపేర్లు ఈ లోయలోకి వచ్చాయి, చాలావరకు మట్టిలో కలిశాయి. ఫ్యూస్టన్ రిజిస్టరులో పేరుంది గనుక అది యార్క్‌షైర్ పేరే అని రాసేసుకుంటే ఎలాంటి పొరపాటు జరుగుతుందో ఆ పిల్లలను తలచుకుంటే తెలుస్తుంది. నా పట్టికలో అలా చేర్చిన రెండు పేర్లను ఆ రాత్రే కొట్టేశాను.

కట్ట మీద నిలబడి నిఘంటువు చెప్పిన దిక్కుకు చూస్తే బూడిదరంగు నీళ్ళూ, నీళ్ళ మీద బాతులూ తప్ప ఏమీ లేవు. రెల్లు మాత్రం ఒడ్డున ఒక వారగా ఉంది. అది కొత్తగా మొలిచిందే అయినా నాన్నగారు ఫోటో తీసుకున్నారు. ముందు ఈ పేరు మోసే మనుషులు మిల్లుల కోసం లీడ్స్ వెళ్ళారు. ఆ మనుషులు తాగడానికి ఆ పేరు పుట్టిన నేల మీద నీళ్ళు నిలిపి, వాటిని కూడా లీడ్స్ పంపారు. ఇదే ముక్కను నేను పైకి అంటే, "అయితే మూడు నెలలుగా మీ ఇంట్లో నేను తాగుతున్నది ఈ నీళ్ళేనన్నమాట" అని నాన్నగారు సీసా మూత తీశారు.

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఫ్యూస్టన్ నుంచి నేరుగా కొలిస్తే పది కిలోమీటర్ల లోపే ఉంది. నిడ్ నది ఒడ్డున హాంప్స్‌త్వైట్ అనే ఊరిలో 1693లో పుట్టిన థామస్ థాకరే చదువుకుని పైకి వచ్చి 1746లో హారో పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. ఆయనకు పదహారుమంది పిల్లలు. వాళ్ళలో విలియం మేక్‌పీస్ కంపెనీ కొలువులో బెంగాలుకు వెళ్ళి సిల్హెట్‌లో డబ్బు గడించి వచ్చాడు. ఆయన కొడుకులూ అదే దారి పట్టారు. ఒక కొడుకు రిచ్‌మండ్ కలకత్తాలో ఉండగా 1811లో నవలాకారుడు పుట్టాడు. మరో కొడుకు సెయింట్ జాన్ ధార్వాడ కలెక్టరుగా ఉంటూ 1824 అక్టోబరులో కిత్తూరు రాణి చెన్నమ్మ సేనలతో జరిగిన పోరులో చనిపోయాడు. పెద్దకొడుకు విలియం మద్రాసు కొలువులో చేరి మన్రో వెంట మన దత్తమండలాలకు వచ్చాడు. కనుక మ్యూజియం మీది పేరూ, మన్రో కచేరీలోని పేరూ ఒకే రెల్లు మూలనుంచి వచ్చిన ఒకే పేరు. బస్సులో నాన్నగారు అడిగినదే సరైన ప్రశ్న.

ఆ నవలాకారుడి ఖ్యాతి ఈ రాతను మరో వింత దారిలో మన దేశానికి తెచ్చింది. మహారాష్ట్ర సంఘసంస్కర్త కేశవ్ సీతారాం థాకరే ఆ నవలాకారుడి మీద అభిమానంతోనే తన ఇంటిపేరును ఇంగ్లీషులో అదే అక్షరాలతో రాసుకున్నారు. ఇంటర్నెట్‌లో ఇప్పటి ప్రపంచ పటాలు చూసి ఇంటిపేరు మూలం చెప్పేవారికి నేను ఇచ్చే హెచ్చరిక ఇదొక్కటే: ఆ రాతకు ముంబయిలో కనబడే చుక్కలకూ వాష్‌బర్న్ లోయకూ రక్తసంబంధం లేదు.

అన్ని రాతలనూ ఒకే రంగులో చూపించే పటాన్ని చివరికి శుభ్రంగా గీసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఆదోనికి పంపాను. అందిందని నాన్నగారు ఫోన్లో ఫోటో పెట్టారు. హాల్లో గడియారం కింద, చట్రం కట్టించి తగిలించారు. కింద తెల్లటి అట్ట ముక్క మీద ఆయన ముత్యాల్లాంటి దస్తూరీతో శీర్షిక రాసి అంటించారు. నా పటంలోని అయిదు రాతలలోనూ లేని విధంగా, ‘థాకర వారి స్వస్థలం’ అని ఉంది.